కబురు మోసిన చేతులకు కబురు దాచుకునే హక్కు లేదా?

వూర్లో రెడ్డి ఇంట చావైతే ఆ కబురు పక్క వూర్లకు మోసింది ఎవరు? మనమే. చెప్పుల్లేని కాళ్ళతో, అర్ధరాత్రయినా వానైనా, గెనాల మీద నడిచి, వంకలు దాటి, చుట్టాల ఇంటి ముందర దూరంగా నిలబడి "సామీ, పెద్దాయన పోయినాడు" అని అరిచి చెప్పింది మన తాతలే. కరణం రాసిన కాగితాన్ని తాలూకా కచ్చేరీకి చేర్చింది మన వెట్టోళ్ళే. మన జేజిలు ఇంకో మాట చెప్తారు. దూరం కబురైతే ఒక్క మనిషే కడదాకా మోసేది కాదంట. ఈ వూరి వెట్టి పొలిమేర దాకా పోయి పక్క వూరి వెట్టి చేతిలో పెట్టేవాడు. ఆయన తన పొలిమేర దాకా నడిచేవాడు. అట్లా చేయి మారి, చేయి మారి కాగితం చేరేది. మోసేవాడికి తెలిసేది రెండే సంగతులు: ఎవరి చేతి నుంచి తీసుకున్నాడు, ఎవరి చేతిలో పెట్టినాడు. లోపల ఏముందో తెలియదు. అక్షరం నేర్పితే గదా తెలిసేది!

ఇప్పుడు కంప్యూటర్ పండితులు అచ్చం ఈ ఏర్పాటునే కొత్తగా కనిపెట్టినట్టు చెప్తా వుండారు. దానికి 'రిలే' అని పేరు పెట్టినారు. కబురు ఒక్క కంపెనీ సర్వరు గుండా పోకుండా చేయి మారి చేయి మారి పోవాలి, మోసేవాడికి లోపలి మాట తెలియకూడదు, ఎక్కడ పుట్టింది ఎక్కడ చేరుతుంది అన్నది కూడా తెలియకూడదు అని వాళ్ళ వాదం. మంచిదే. మా ప్రశ్న వేరే. తరతరాలు ఇతరుల కబుర్లు మోసినవాళ్ళం. మన కబురు మనం మూసిపెట్టి పంపుకునే రోజు ఎప్పుడొస్తుంది? అప్పుడు మోసే దారి ఎవరి చేతిలో వుంటుంది?

ఈ మాట వూరికే గాల్లోంచి ఎత్తుకోలేదు. జిల్లా తూర్పు మండలాల్లో ఒక వూరు. పేరు రాయం, అక్కడ మనవాళ్ళు ఇంకా బతకాల. వాడ నుంచి శ్మశానానికి పోయే దారిని ఒక పెద్దమనిషి కయ్యలో కలిపేసుకున్నాడు. శవాన్ని ఎత్తుకుని నడుముల్లోతు నీళ్ళలో పోవాల్సి వచ్చింది. తాశిల్దారుకు అర్జీ ఇద్దామని పిల్లోళ్ళు వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టినారు. నలభై ముగ్గురు చేరినారు. మేమూ అందులో వుంటిమి. ఎవరెవరు సంతకం పెట్టాల, ఎవరు వీడియో తీయాల, ఏ రోజు తిరుపతికి పోవాల అని రాత్రంతా మాట్లాడుకుంటిమి. మూడో నాటికి స్టేషన్లో ఒక పిల్లోడిని కూర్చోబెట్టి "ఏదిరా, ఆ ఫోను చూపించు" అన్నారు. చూపించినాడు. చూపించక ఏం చేస్తాడు? పందొమ్మిదేళ్ళ బిడ్డ. ఆ సాయంత్రానికే నలభై మూడు పేర్లూ పెద్దమనిషి ఇంటి అరుగు మీద వున్నాయి. మర్నాడు తెల్లారి పాలు పోసే చోట మన ఆడవాళ్ళ క్యాన్లు పక్కన పెట్టేసినారు. "మీ పాలలో వెన్న లేదు" అన్నారు. నలభై మంది ఇళ్ళ ఆవులకూ ఒక్క రాత్రిలో వెన్న పోయిందా?

గమనించండి. ఎవరూ ఏ తాళమూ పగలగొట్టలేదు. వాట్సాప్ తాళం గట్టిదే. 2016 ఏప్రిల్ నుంచి అందులో ప్రతి కబురూ పంపినవాడి ఫోన్లో మూతపడి అందుకున్నవాడి ఫోన్లోనే తెరుచుకుంటుంది. నడుమ కంపెనీ వాడు కూడా చదవలేడు. దీన్నే ఎన్‌క్రిప్షన్ అంటారు. సులువుగా చెప్పాలంటే, నీ దగ్గర వంద తాళాలున్నాయి, వాటన్నిటికీ చెవి ఒక్కటే, అది నీ మొలతాడుకు కట్టుకున్నావు. తాళాలు మాత్రం వూరంతా పంచినావు. ఎవడైనా పెట్టెలో కబురు పెట్టి నీ తాళం వేసి పంపవచ్చు. తెరిచేది నువ్వొక్కడివే. లెక్కల బలంతో చేసిన తాళం అది. ఎస్సై లాఠీకి లొంగేది కాదు. మరి లొంగింది ఎవరు? ఆ పందొమ్మిదేళ్ళ పిల్లోడు. బయటపడింది ఏమిటి? పెట్టె లోపలి మాట కన్నా ముందు పెట్టె మీద రాసిన పేర్లు.

అక్కడుంది కిటుకు. కవరు లోపలిది మూసిపెట్టినారు, కవరు మీదది తెరిచి పెట్టినారు. ఎవరు ఎవరికి, ఎన్ని గంటలకు, ఎన్నిసార్లు, ఏ గ్రూపులో ఎవరెవరు అన్న సంగతులు కంపెనీ చేతికి అందేవే. పేరు అక్కర లేదు, ఫోన్ నెంబరు చాలు. నెంబరు వెనక సిమ్ము, సిమ్ము వెనక ఆధారు, ఆధారు వెనక ఇంటి చిరునామా. మన జిల్లాలో చిరునామా అంటే ఏమిటో వేరే చెప్పాలా? వూరి పేరు పక్కన 'హరిజనవాడ', 'అరుంధతివాడ', 'దళితవాడ' అని ప్రభుత్వమే అచ్చు వేసి ఇస్తుంది. ఓటరు లిస్టులో అదే, రేషను కార్డులో అదే. రామచంద్రాపురంలో వున్నా రామకుప్పంలో వున్నా నెంబరు పట్టుకుంటే కులం తెలుస్తుంది. అగ్రకులం వాడి చిరునామాలో 'రెడ్డివాడ' అని ఏ కార్డులోనైనా చూసినారా?

కవరు మీది రాతతో ఏమవుతుందిలే అనుకునేవాళ్ళు ఒక సంగతి తెలుసుకోవాల. అమెరికా గూఢచారి సంస్థలు రెండింటికి అధిపతిగా పనిచేసిన మైకేల్ హేడెన్ 2014లో సభలో బాహాటంగా ఒప్పుకున్నాడు, ఈ కవరు మీది రాతల ఆధారంతోనే తాము మనుషుల్ని చంపుతామని. అంత దూరం మనకెందుకు, మనకు పాలు ఆపితే చాలు, డీకేటీ పట్టా భూమిలో పశువులు తోలితే చాలు, చెనిక్కాయ కోతకు పిలవకపోతే చాలు.

ఇప్పుడు మన రాష్ట్రంలో ఇంకో విశేషం. 2025 జనవరిలో 'మన మిత్ర' అని వాట్సాప్ పరిపాలన మొదలుపెట్టినారు. సర్టిఫికెట్లూ అర్జీలూ ఆ దారినే. తాశిల్దారు ఆఫీసు ముందర ఎండలో నిలబడే బాధ తప్పితే మాకూ సంతోషమే, కాదనం. అయితే అర్జీ పెట్టేది అందులోనే, అర్జీ పట్టించుకోని ఆఫీసరు మీద మనలో మనం మాట్లాడుకునేదీ అందులోనే. ఒకే అమెరికా కంపెనీ గుమ్మం గుండా. అదే సంవత్సరం నవంబరులో కేంద్ర టెలికాం శాఖ మరో ఆదేశం ఇచ్చింది: ఇట్లాంటి యాప్‌లు ఫోన్లో వున్న సిమ్ముతో ముడిపడే నడవాలని. మోసగాళ్ళను పట్టడానికంట. వుండొచ్చు. ముడి మాత్రం అందరి మెడకూ పడుతుంది.

"ఏమీ తప్పు చెయ్యనివాడికి దాచుకునేదేముంది?" అని అడిగేవాళ్ళు వుండారు. చదువుకున్నవాళ్ళే అడుగుతారు. తలుపున్న ఇంట్లో కూర్చుని అడుగుతారు. వాళ్ళకు మేము ఒక చరిత్ర చెప్తాం.

1947 మార్చిలో బాబాసాహెబ్ అంబేద్కర్ షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ తరఫున రాజ్యాంగ సభకు ఇవ్వడానికి 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' రాసినాడు. మన మిత్రులు చాలామంది అందులో భూమి జాతీయం చెయ్యాలన్న భాగం వరకే చెప్తారు. అందులోనే మనిషి శరీరానికీ ఇంటికీ కాగితాలకూ వస్తువులకూ అకారణ సోదాల నుంచి రక్షణ ప్రాథమిక హక్కుగా రాసి వుంది. భూమి కావాలన్న అదే కలంతో కాగితాలకు కాపుదల కూడా కావాలన్నాడు. ఆ ఏప్రిల్లో ప్రాథమిక హక్కుల ఉపసంఘం, అందులో బాబాసాహెబ్ సభ్యుడు, ఉత్తరాల గోప్యత కూడా హక్కుగా వుండాలని తన నివేదికలో చేర్చింది. అడ్డుపడింది ఎవరు? మన పక్క నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు. మద్రాసులో పెద్ద వకీలు. ఉత్తరాలకు గోప్యత ఇస్తే కుట్ర కేసులు రుజువు చెయ్యడం కష్టమవుతుందని ఆయన అభ్యంతరం. సలహాదారు బి.ఎన్. రావు కూడా వద్దన్నాడు. ఆ హక్కు ఎగిరిపోయింది. మళ్ళీ తొమ్మిదిమంది జడ్జీలు కూర్చుని, గోప్యత ప్రాథమిక హక్కే అని చెప్పడానికి 2017 ఆగస్టు 24 దాకా, అంటే డెబ్బై ఏళ్ళు పట్టింది.

'కుట్ర కేసు' అన్న మాట గుర్తుపెట్టుకోండి. 2018 ఆగస్టు 28న హైదరాబాదులో ప్రొఫెసర్ కె. సత్యనారాయణ ఇంటి మీదికి పోలీసులు వచ్చినారు. దళిత సాహిత్యం మీద పనిచేసిన మనిషి. ఇంట్లో దేవుళ్ళ పటాలు లేకుండా అంబేద్కర్, ఫూలే పటాలు ఎందుకు పెట్టుకున్నావని అడిగినారంట. కాగితాలూ కంప్యూటరూ ఎత్తుకుపోయినారు. అదే భీమా కోరేగాం కేసులో ఆనంద్ తేల్తుంబ్డే 2020 ఏప్రిల్ 14న, సరిగ్గా అంబేద్కర్ జయంతి నాడు, లొంగిపోవాల్సి వచ్చింది. 2022 నవంబరులో గానీ బెయిలు మీద బయటికి రాలేదు. అంతకు ముందే, 2019లో, ఆయన ఫోను మీద ఇజ్రాయెల్ కంపెనీ తయారు చేసిన పెగాసస్ ప్రయోగం జరిగిందని బయటపడింది. అదే కేసులో రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌లోకి ఆయనకే తెలియకుండా ఫైళ్ళు ఎక్కించినారని అమెరికా పరీక్షకుల సంస్థ ఆర్సెనల్ 2021లో నివేదిక ఇచ్చింది. చూసినారా? మనం దాచుకునేదేమీ లేకపోయినా వాళ్ళు మన ఇంట్లో దాచగలరు.

అది మహారాష్ట్ర అనుకోకండి. 2024 మార్చిలో తెలంగాణలో ఫోన్ల ట్యాపింగ్ కేసు బయటికొచ్చి, నిఘా విభాగంలో పనిచేసిన పోలీసు అధికారులే అరెస్టయినారు. ఇక మన చిత్తూరు జిల్లాలోనే, 2020 ఆగస్టులో సోమల మండలంలో ఒక దళిత యువకుడు మద్యం ధరల మీద తన కోపం ఫోన్లో వీడియోగా మాట్లాడినాడు. కొన్నాళ్ళకే ప్రాణం తీసుకున్నాడు. బెదిరింపులే కారణమని ఆరోపణలు వచ్చినాయి. కేసు లోతుల్లోకి ఇక్కడ పోం. ధరలు ఎక్కువైనాయని రోడ్డు మీద తిట్టేవాళ్ళు వేలమంది వుండినారు. ఫోన్లో మొహం కనబడినవాడే లెక్కకొచ్చినాడు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాం. 2021లో కేంద్రం తెచ్చిన ఐటీ నియమాల ప్రకారం, యాభై లక్షలు దాటిన వాడకందారులున్న యాప్‌లు ఒక కబురు మొట్టమొదట ఎవరు పుట్టించినారో అడిగితే చెప్పాల. వాట్సాప్ దాని మీద ఢిల్లీ హైకోర్టుకు పోయింది. తాళం పగలగొట్టమంటే దేశం విడిచిపోతామని 2024 ఏప్రిల్లో కోర్టులో చెప్పింది కూడా. కంపెనీ మీద మాకు జాలి లేదు. దాని కొట్లాట దాని వ్యాపారం కోసం. కానీ 'మొట్టమొదట పుట్టించినవాడు' అంటే మన వూర్లలో ఎవడు? బావి దగ్గర కొట్టిన సంగతి మొట్టమొదట చెప్పేది దెబ్బ తిన్నవాడే గదా! కొట్టినవాడు చెప్పడు. ఆ నియమం నేరుగా వాడలోకే దారి చూపిస్తుంది.

సరే, మరి ఏ దారి? 'సిగ్నల్' వాడమని పట్నం మిత్రులు చెప్తారు. వాట్సాప్ కన్నా మేలే. 2021లో అమెరికా కోర్టు వివరాలు అడిగితే, ఖాతా ఎప్పుడు తెరిచినారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయినారు అన్న రెండు తేదీలు తప్ప దాని దగ్గర ఇచ్చేదానికి ఏమీ లేదు. అట్లాంటి నిజాయితీ అరుదు. అయినా దాంట్లో చేరాలంటే ఫోన్ నెంబరు కావాల్సిందే. పైగా గుమ్మం ఒక్కటే. 2025 అక్టోబరు 20న అమెజాన్ సర్వర్లు పడిపోతే దాంతోపాటు సిగ్నల్ కూడా ఆగింది. ఒకే గదిలో అన్నీ పెడితే ఏమవుతుందో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టరు ఆఫీసులో ఒక్క రాత్రి మంటల్లో భూముల ఫైళ్ళు బూడిద కాలేదా?

అందుకే రిలేల దారి గురించి మనం తెలుసుకోవాల. దీని పాత రూపం 'టార్'. 1990లలో అమెరికా నౌకాదళం పరిశోధనశాలలో పుట్టింది. అవును, మిలిటరీ వాళ్ళదే. తమ గూఢచారులు దాక్కోవడానికి కనుక్కున్నారు. అయితే ఆ దారిలో వాళ్ళొక్కరే నడిస్తే నడిచేవాడల్లా గూఢచారే అని లోకానికి తెలిసిపోతుంది. అందుకని అందరికీ తెరిచినారు. గుంపుంటేనే మనిషి కనబడడు. ఈ నీతి మనకూ పనికొస్తుంది: వుద్యమం వాళ్ళం మాత్రమే వాడే యాప్ వుంటే, అది ఫోన్లో కనబడడమే ఒక నేరం అవుతుంది. పెండ్లి పిలుపులూ, టమోటా రేట్లూ, పిల్లోళ్ళ ఫోటోలూ అందులోనే పోవాల.

టార్‌లో కబురు మూడు సంచుల్లో కట్టి పంపుతారు. మొదటి రిలే పై సంచి విప్పుతుంది, లోపల రెండో రిలే పేరు మాత్రం వుంటుంది. రెండోది విప్పితే మూడోదాని పేరు. మూడోదానికి చేరాల్సిన చోటు తెలుసు, పుట్టిన చోటు తెలియదు. మన వెట్టి తాత నడిచిన పొలిమేరల లెక్కే. దీనికి ఒక లోటు వుంది. వూరి మొదట్లోనూ చివరా ఇద్దరు కాపలాదారులు గడియారం పట్టుకుని నిలబడితే, ఇక్కడ సంచి ఎప్పుడు బయలుదేరింది, అక్కడ ఎప్పుడు చేరింది చూసి జత కలపగలరు. అందుకు మందు 1981లోనే డేవిడ్ చామ్ అనే ఆయన చెప్పినాడు. రిలే దగ్గర కొన్ని కబుర్లు పోగయ్యేదాకా ఆపి, అన్నీ ఒకే సైజులో కట్టి, వరస కలిపేసి వదలాల. దాని ఖరీదు ఆలస్యం. మాకు ఆలస్యం పెద్ద బాధ కాదు. శ్మశానం దారి కోసం నలభై ఏళ్ళు ఆగినవాళ్ళం, కబురు కోసం నాలుగు నిమిషాలు ఆగలేమా? అయితే దాడి జరుగుతున్నప్పుడు వెయ్యి పనికిరాదు, వెంటనే పోవాల. ఈ రెండు రకాల కబుర్లకూ రెండు దారులు కావాలని తయారు చేసేవాళ్ళకు చెప్పాల్సింది మనమే.

కొత్తవాటిలో 'సింప్లెక్స్' అని ఒకటుంది. దాంట్లో మనిషికి నెంబరూ లేదు, స్థిరమైన పేరూ లేదు. ఒక్కొక్క స్నేహానికి వేరే వేరే ఉత్తరాల పెట్టె. నీకు పదిమంది మిత్రులుంటే పది పెట్టెలు, ఆ పదీ ఒకరివే అని రిలేకు చూపించే గుర్తు ఏదీ వుండదు. చిరునామాలోనే కులం మోసే జనానికి చిరునామా లేని యాప్! దీని విలువ బెంగుళూరు ఇంజనీరు కన్నా మన అరుంధతివాడ పిల్లకు బాగా తెలుస్తుంది. 'నోస్టర్' అని ఇంకోటి. రిలే ఎవరైనా పెట్టుకోవచ్చు. కానీ దాంట్లో మొదట వచ్చిన ప్రైవేటు కబుర్ల పద్ధతిలో మాట మూసి, పంపినవాడి గుర్తునూ అందుకున్నవాడి గుర్తునూ బయటే పెట్టినారు. తర్వాత సరిదిద్దుకున్నారు. 'వికేంద్రీకరణ' అన్న మాట వినగానే చంకలు గుద్దుకోకూడదని చెప్పడానికి ఇది చాలు.

అసలు ఆ మాట మీదే మా అనుమానం. పంచాయితీలకు అధికారం వికేంద్రీకరించినప్పుడు వాడకు ఏమొచ్చింది? రిజర్వుడు సర్పంచి కుర్చీ కింద నేల మీద కూర్చోలేదా? కేంద్రం నుంచి దిగిన అధికారం రెడ్డి అరుగు దగ్గర ఆగింది. రిలేల సంగతీ అట్లాగే కావొచ్చు. 'సెషన్' అనే యాప్‌కు ఫోన్ నెంబరు అక్కర లేదు, మంచిదే. కానీ దాని రిలే నడపాలంటే టోకెన్లు కొని కుదవ పెట్టాల. కొనగలిగేవాడెవడు? ఎక్కువ టోకెన్లున్నవాడికి ఎక్కువ రిలేలు. ఇది భూమి లెక్క కాదా? పదెకరాలవాడికి పది, సెంటు లేనివాడికి కూలి. మాకు రిలేలలో కౌలుదారీ వద్దు. పాత ఫోనో, ఐదారు వేలు చేసే చిన్న కంప్యూటరు పలకో, హాస్టల్లో మూలన పడి వున్న పెట్టో, దాని మీద నడిచే రిలే కావాల. అట్లాంటివి పది హాస్టళ్ళలో పది వుంటే ఒకటి పీకేసినా తొమ్మిది మోస్తాయి.

స్వదేశీ వాళ్ళకు కూడా ఒక మాట. 2025లో 'అరట్టై' అనే యాప్‌ను దేశభక్తి పేరు చెప్పి కేంద్ర మంత్రులే మోసినారు. మన రేణిగుంటలో కూడా ఆఫీసు పెట్టిన జోహో కంపెనీది అది. మన పిల్లోళ్ళకు వుద్యోగాలిస్తే మెచ్చుకుంటాం. కానీ జనం ఎగబడిన ఆ రోజుల్లో దాంట్లో రాసే కబుర్లకు చివరి దాకా తాళమే లేదు. నవంబరులో గానీ పెట్టలేదు. తాళం లేని పెట్టెకు మూడు రంగులు పూస్తే తాళం పడుతుందా? ఇక సత్యవేడు దిక్కు శ్రీసిటీలో 2015 నుంచి ఫాక్స్‌కాన్ వాళ్ళు ఫోన్లు బిగిస్తా వుండారు. బిగించే చేతులు ఎక్కువగా ఆడబిడ్డలవి. సత్యవేడు ఎస్సీ నియోజకవర్గం. మన వాడల నుంచి తెల్లారి బస్సెక్కి పోయే పిల్లలు వాళ్ళు. ఆ చేతుల గుండా పోయిన ఫోను ఎవరికి ఏం మోస్తుందో ఆ బిడ్డకు చెప్పినవాడు లేడు. వెట్టి తాతకు కాగితంలో ఏముందో చెప్పనట్టే.

టవరూ నెట్టూ లేకుండా ఫోను నుంచి ఫోనుకు బ్లూటూత్ మీద గెంతే యాప్‌లు కూడా వచ్చినాయి. 'బ్రయర్' 2018 నుంచి వుంది. 2025 జులైలో జాక్ డోర్సీ 'బిట్‌చాట్' వదిలినాడు. నెట్టు ఆపేసినప్పుడు ఇవి పనికొస్తాయంటారు. ఆపుతారు కూడా. 2022 మేలో కోనసీమకు అంబేద్కర్ పేరు పెడితే అమలాపురం తగలబడింది, దాదాపు రెండు వారాలు నెట్టు లేదు. తగలబెట్టినవాళ్ళు అప్పటికే కూడుకున్నారు. తగలబడినవాళ్ళకు అప్పుడు కబురు కావాల్సి వచ్చింది.

ఈ ఫోను గెంతుల గురించి పట్నంలో గీసిన బొమ్మలు చూస్తే మాకు నవ్వొచ్చింది. ఇల్లు పక్కన ఇల్లు, మనిషి పక్కన మనిషి, చుక్క పక్కన చుక్క, గీతలన్నీ కలిసిపోయి వల మాదిరి. మన వూరు ఒక్కటైనా అట్లా వుందా? వూరు ఇక్కడ, నడుమ మిట్టో చెరువు కట్టో, అవతల వాడ. బ్లూటూత్ పదుల అడుగులు పోతుంది. అంటరానితనం అంతకన్నా ఎక్కువ దూరం కొలిచి పెట్టింది! వాడలో కబురు వాడంతా తిరుగుతుంది, బయటికి పోదు. పక్క వూరి వాడకు చేరాలంటే నడుమ వూరి ఫోన్ల మీదనే గెంతాల. వాళ్ళ ఫోన్లో మన యాప్ ఎందుకుంటుంది? కాబట్టి ఆ ఖాళీని ఎవరో ఒకరు కాలినడకన దాటాల. పాలు పోసేదానికి పోయే అక్క, టమోటా లోడుతో మార్కెట్‌కు పోయే ఆటో అబ్బాయి, మేకలు తోలుకుపోయే పెద్దాయన, వీళ్ళ జేబుల్లోని ఫోన్లు మూసిన కబుర్లను మోసుకుపోయి అవతలి వాడలో దింపాల. కబురు ఎవరిదో మోసినవాళ్ళకు తెలియకూడదు, పట్టుబడితే చెప్పలేని విధంగా వుండాల. మళ్ళీ వెట్టే అనుకుంటారేమో. కాదు, ఈసారి మన కబురు మనం మోస్తాం. మన వూర్ల పటం చూసి ఎవరైనా ఇట్లాంటి యాప్ కట్టినారా అంటే, మేము చూసినంతలో లేదు.

ఇక్కడ జాగ్రత్త. హాంకాంగ్ పిల్లోళ్ళు 2019 ఆందోళనల్లో 'బ్రిడ్జిఫై' అనే బ్లూటూత్ యాప్‌ను నమ్ముకున్నారు. మరుసటి ఏడే లండన్ పరిశోధకులు పరీక్షించి, దాంట్లో ఎవరెవరితో మాట్లాడుతున్నారో కనిపెట్టవచ్చు, కబుర్లు చదవనూ వచ్చు అని చూపించినారు. బిట్‌చాట్ వదిలిన డోర్సీ కూడా మొదట్లో ఇంకా పరీక్ష కాలేదు, నమ్మకండి అనే రాసినాడు. ఇంకో సంగతి, 2023 మేలో జమ్మూ కాశ్మీరు ఉగ్రవాదుల పేరు చెప్పి కేంద్రం పద్నాలుగు యాప్‌లను ఆపేసింది. బ్రయర్, ఎలిమెంట్ ఆ లిస్టులో వున్నాయి. కొట్లో దొరకని తాళం వాడితే అదే పట్టించవచ్చు. ఇది తెలుసుకునే వాడాల.

తయారు చేసే పిల్లోళ్ళు, తిరుపతి యూనివర్సిటీలో, ఇంజనీరింగు కాలేజీల్లో మనవాళ్ళు చాలామందే వుండారు, వాళ్ళతో మేము అడిగేది ఇది. ఒక ఫోన్లో ఒక మనిషే వుంటాడని అనుకోవద్దు. మన ఇండ్లలో ఫోను మొగుడి జేబులో వుంటుంది, పెండ్లాం మాట్లాడేది ఆయన కూలికి పోయినాక. ఆమె సంఘం కబురు ఆయన కంట పడకూడదు. అదీ గోప్యతే. కులం ఒక్కటే మన మీద నిఘా పెట్టిందని మొగోళ్ళం రాసుకుంటే సరిపోదని మా అక్కలు ఈ వ్యాసం చదివి చీవాట్లు పెట్టినాకే ఈ నాలుగు మాటలు చేర్చినాం. చదువు రాని జేజి గొంతుతో చెప్తే మూసి పంపగలగాల. పన్నెండు ఇంగ్లీషు మాటలు కాగితం మీద రాసి దాచుకోమంటే ఆమె ఎక్కడ దాస్తుంది? తెలుగు మాటలు, గుర్తుండే మాటలు పెట్టండి. గ్రూపుకు ఒక్కడే యజమాని వుండే పద్ధతి మార్చండి. ఎవరిని చేర్చాల, ఎవరిని తీసేయాల అన్నది ఒక్కడి వేలి కింద వుంటే వాడే కొత్త కరణం. మన సంఘాల్లో కూడా చూస్తా వుండాం, అడుగు ప్రశ్న, వెళ్ళిపో బయటికి!

ఒక చిక్కు మాత్రం మాకు తెగలేదు. కబురు చదివినాక మాయం కావాలంటారు. స్టేషన్లో ఫోను లాక్కుంటే అదే కాపాడుతుంది. కానీ కులం పేరుతో తిట్టిన గొంతు మాయమైతే అట్రాసిటీ కేసుకు రుజువు ఏది? చుండూరులో 1991లో పట్టపగలు చంపితే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. రుజువు విలువ మనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అందువల్ల మన మాట మాయం కావాల, వాడి తిట్టు నిలవాల. ఇది యంత్రం తేల్చేది కాదు, దెబ్బ తిన్న మనిషి చేతిలో వుండాల్సిన మీట. దాచుకుంటే అది కూడా ఒక్క ఫోన్లోనే కాకుండా, ముక్కలు చేసి ముగ్గురు నలుగురి దగ్గర, ముగ్గురు కూడితేనే తెరుచుకునేటట్టు వుండాల. అట్లాంటి లెక్కలు వున్నాయి, కొత్తవి కావు.

"అమలాపురంలో తగలబెట్టినవాళ్ళు కూడా గ్రూపుల్లోనే కూడినారు, వాళ్ళకూ మీ తాళం పనికొస్తుంది గదా?" అని అడగండి. అడగాల్సిన ప్రశ్నే. పనికొస్తుంది. వాళ్ళకు అరుగులున్నాయి, తోటల్లో షెడ్లున్నాయి, కల్యాణ మండపాలున్నాయి, కాపలా కాసే స్టేషనుంది. కారంచేడులో 1985లో ఏ యాప్‌లో కూడినారు? తాళం లేకపోతే వాళ్ళకు పోయేది తక్కువ, మనకు పోయేది పాలూ పనీ ప్రాణమూ. పైగా గ్రూపులో వున్న ఒక్కడు సాక్ష్యం చెప్తే చాలు నేరం రుజువు చెయ్యడానికి. పోలీసులు పని చెయ్యదలుచుకుంటే.

మన తప్పులూ ఒప్పుకోవాల. ఎంత తాళం వేసినా, వచ్చిన ప్రతి కబురునూ ఇంకో పది గ్రూపులకు తోసేది మనమే. నాయకుడితో దిగిన ఫోటోలో వెనక నిలబడిన సాక్షి మొహం కనబడుతుందని కూడా చూసుకోకుండా పెట్టేది మనమే. పెగాసస్ లాంటిది ఫోన్లోకే దూరితే ఏ రిలే కాపాడదు, తాళం వేసే చేతి పక్కనే కూర్చుని చూస్తుంది. అన్నీ ఫోన్లో మాట్లాడుకోకూడదు. కొన్ని మాటలు చింతచెట్టు కిందనే.

శ్మశానం దారి అర్జీ మళ్ళీ రాస్తా వుండాం. ఈసారి సంతకాలు పెట్టేవాళ్ళ పేర్లు ఏ గ్రూపులోనూ లేవు. పాలు పక్కన పెట్టించుకున్న ఆడవాళ్ళు పన్నెండు మంది ముందుకొచ్చినారు. వచ్చే పున్నమి నాటి కూటానికి అందరూ ఫోన్లు తీసుకుని రండి, పగిలినవైనా సరే. ఒకరి ఫోన్లోని గుర్తును ఇంకొకరు ఎదురెదురుగా కూర్చుని తమ ఫోనుతో పట్టుకోవాల, నెంబరు చెప్పనక్కర్లేదు. హాస్టలు పిల్లోళ్ళు ఇద్దరు రాత్రిళ్ళు కూర్చుని ఒక పాత పెట్టె మీద మొదటి రిలే నడిపిస్తా వుండారు. రోజుకు రెండు మూడు సార్లు పడిపోతా వుంది. కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్నది కూటంలో తేల్చాల.